నలభైకి పదిహేడు: బడి పరీక్ష ఎవరిని కొలుస్తుంది?

సూరత్‌లోని లింబాయత్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకొని ఈ పాఠం రాస్తున్నాం. మీరు భివండిలోనో, షోలాపూర్‌లోనో, వరంగల్‌లోనో ఉన్నా ఇందులోని విషయం మీకూ వర్తిస్తుంది.

తెలంగాణలో చేనేత చితికిపోయిన కాలంలో వరంగల్, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు పడమటి దారి పట్టాయి. కొన్ని షోలాపూర్‌లో, కొన్ని భివండిలో, కొన్ని బొంబాయిలో ఆగాయి. కొన్ని సూరత్ దాకా వచ్చి సాంచాల మీద పనికి కుదిరాయి. లింబాయత్ వీధుల్లో తెలుగు వినిపించడానికి కారణం అదే. సూరత్ నగరపాలక సంస్థకు చెందిన నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగులోనూ బడులు నడపడానికి కారణం కూడా అదే.

అలాంటి ఒక బడి నుంచి మీ అమ్మాయి ఒక కాగితం తెచ్చిందనుకోండి. ఐదో తరగతి, లెక్కలు, నలభైకి పదిహేడు. మీరు రాత్రి డ్యూటీ దిగి వచ్చారు. కాగితం చూశారు. ఆ పూటే ఇంట్లో మూడు మాటలు పుడతాయి. తెలుగు బడి మాన్పించి ఇంగ్లీషు బడిలో వేద్దామా? ఊళ్లో అమ్మమ్మ దగ్గరికి పంపుదామా? చదువు అచ్చిరాదులే, కండెలు చుట్టడం నేర్పిద్దామా? పదేళ్ల పిల్ల భవిష్యత్తు ఒక అంకె మీద నిలబడిపోతుంది.

ఆ నిర్ణయానికి ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఆ పదిహేడు ఎవరిని కొలిచింది? పిల్లనా, బడినా, పంతులునా, ప్రభుత్వాన్నా? ప్రశ్న వింతగా తోచవచ్చు. కానీ రెండు వందల ఏళ్ల బడి చరిత్ర చూస్తే, చిన్న పిల్లలకు పెట్టిన పరీక్షల్లో చాలా భాగం పిల్లలను కొలవడానికి పుట్టినవి కావని తెలుస్తుంది.

ముందుగా ప్రామాణిక పరీక్ష అంటే ఏమిటో చూద్దాం. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వ్యవధి, దిద్దడానికి ఒకే పద్ధతి. ఒక చోట వచ్చిన మార్కును ఇంకో చోట వచ్చిన మార్కుతో పోల్చడానికి వీలుండాలి. దారం సంగతి మీకు తెలుసు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. సూరత్‌లో తూచినా సిరిసిల్లలో తూచినా అంతే. పిల్లల చదువుకు కూడా అలాంటి తక్కెడ ఒకటి చేయాలన్నది ఈ పరీక్షల వెనుక ఉన్న ఆశ. దారానికి భాష లేదు, భయం లేదు. పిల్లలకు ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

వీధిబడిలో వరుస

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు చాలా వివరంగా ఉంటుంది. తెలుగు, కన్నడం కలగలిసిన ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని ఆయన లెక్క.

ఆ బడుల్లో పరీక్ష లేదు గానీ వరుస ఉంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా. మెచ్చుకోలు లేదు, దండనా లేదు అని దాని అర్థం. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి అదనం. ఆ వరుస చదువును కొలవలేదు, నిద్ర లేచిన వేళను కొలిచింది. ఇల్లు దూరమైన పిల్లవాడు, పొద్దున్నే ఇంటి పని చేసి రావలసిన పిల్లవాడు రోజూ వెనకే ఉంటాడు కదా! కొలత ఒకదానిది, పేరు ఇంకొకదానిది కావడం అన్నది ఇవాళ పుట్టిన జబ్బు కాదు.

కాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాశాడు. పిల్లలు గ్రాంథిక పద్యాలను గడగడా అప్పజెబుతారు గానీ వాటి అర్థం వారికి తెలియదని. అయినా పంతులుకు ప్రతి పిల్లవాడి సంగతీ తెలుసు. జీతం ఇచ్చేది ఆ పిల్లల తల్లిదండ్రులే. నడుమ ఇంకొకరు లేరు. అందుకే బయటివారు వచ్చి తూచవలసిన అవసరం రాలేదు. ఖజానా నుంచి డబ్బు రావడం మొదలైన నాడు ఆ అవసరం వచ్చింది.

తప్పితే కోత

1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే మంత్రి ఒక నియమావళి తెచ్చాడు. ఆరేళ్లు దాటిన ఒక్కో పిల్లవాడి మీద బడికి ఏడాదికి 12 షిల్లింగుల దాకా గ్రాంటు. అందులో 4 షిల్లింగులు హాజరుకు, 8 షిల్లింగులు చదవడం, రాయడం, లెక్కలకు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక్కొక్కరినీ పరీక్షిస్తాడు. ఒక విషయంలో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. మూడింటా తప్పితే 8 షిల్లింగులూ పోయినట్టే. మీటరు లెక్కన కూలి తీసుకునేవారికి, బట్టలో తప్పు కనబడితే కూలిలో కోత పడేవారికి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతి ఓడ ఎక్కి మన దేశానికీ వచ్చింది. సూరత్ ఉన్న బొంబాయి ఇలాకాలోనూ, కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న మద్రాసు ఇలాకాలోనూ 1860ల నుంచి 'ఫలితాన్ని బట్టి గ్రాంటు' నడిచింది. దీన్ని పూర్తిగా చెడ్డదని తీసిపారేయడం న్యాయం కాదు. ఆ గ్రాంటు ఆశతోనే ఎన్నో వీధిబడులు సర్కారు లెక్కలోకి వచ్చాయి, కొద్దో గొప్పో డబ్బు చూశాయి. 1882లో నియమించిన హంటర్ కమిషన్ ప్రాథమిక బడుల వరకు ఈ పద్ధతే తగినదని సిఫారసు చేసింది.

కానీ బడి లోపల ఏం జరుగుతుందో ఆలోచించండి. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు ముందే తెలుసు. ఏ పుస్తకం నుంచి చదివిస్తాడో తెలుసు. పంతులు పొట్ట ఆ రోజు మీద ఆధారపడి ఉంది. అలాంటప్పుడు పుస్తకాన్ని కంఠస్థం చేయించడం తప్పు అని ఆయనకు ఎందుకు తోస్తుంది? మాథ్యూ ఆర్నాల్డ్ గొప్ప కవి, పొట్టకూటికి మాత్రం బడుల ఇన్‌స్పెక్టర్. ఈ పద్ధతి వచ్చాక చదువు యాంత్రికమైపోయిందని ఆయన తన నివేదికల్లో మళ్లీ మళ్లీ మొర పెట్టుకున్నాడు. ఇంగ్లండు 1890ల్లో దాన్ని వదిలేసింది. మన దేశంలో కర్జన్ కాలంలో, 1904లో వెలువడిన విద్యావిధాన తీర్మానం దానికి స్వస్తి చెప్పింది. నలభై ఏళ్ల పాటు పిల్లలు రాసిన పరీక్ష నిజానికి పంతులు జీతానికి పెట్టిన పరీక్ష.

సూరత్‌కు ఈ తనిఖీతో ఒక ప్రత్యేకమైన సంబంధం ఉంది. సహాయ నిరాకరణ ఉద్యమం నడుస్తున్న 1921లో అహ్మదాబాద్, నడియాద్ పురపాలక సంఘాల లాగానే సూరత్ పురపాలక సంఘం కూడా తన ప్రాథమిక బడులకు ప్రభుత్వ గ్రాంటు వద్దంది. గ్రాంటు వద్దంటే తనిఖీ కూడా వద్దన్నట్టే. బడులు ఎవరివి, వాటిలో చదువు ఎలా ఉందో చెప్పే అధికారం ఎవరిది అన్నదే అక్కడి తగాదా. 1922లో ప్రభుత్వం ఆ పురపాలక సంఘం అధికారాన్నే తీసేసుకుంది. మీ పిల్లలు చదివే పురపాలక బడుల వెనుక ఇంత కథ ఉంది.

గడప పరీక్ష, నాడి పరీక్ష

తనిఖీ పరీక్ష గురించి చెప్పుకున్నాం. దీనికి పక్కనే మరో రకం పెరిగింది. దాన్ని గడప పరీక్ష అనుకోండి. దాటితే లోపలికి, దాటకపోతే బయటికి. బొంబాయి ఇలాకాలో ఏడో తరగతి చివర 'వర్నాక్యులర్ ఫైనల్' ఉండేది. అది ప్యాసైతే ప్రాథమిక బడి పంతులు ఉద్యోగానికో, తలాటీ కొలువుకో అర్హత వచ్చినట్టే. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఏడో తరగతి కామన్ పరీక్ష చాలాకాలం నడిచింది. కింది తరగతుల్లో ఎవరినీ ఆపకుండా పైకి పంపినా ఏడులో మాత్రం ఆపేవారు. ఆ తరంలో 'ఏడు తప్పాడు' అన్న మాట ఒక మనిషి చదువు కథను ముగించే మాట. మీలో కొందరి తండ్రులు మగ్గం గుంటలోకి దిగింది ఆ మాట తర్వాతే కావచ్చు. గడప పరీక్ష పిల్లవాడినే కొలుస్తుంది, నిజమే. కానీ బడి సరిగా చెప్పకపోతే ఆ శిక్ష కూడా పిల్లవాడికే పడుతుంది.

మూడో రకం 1905లో పారిస్‌లో పుట్టింది. తరగతితో పాటు నడవలేకపోతున్న పిల్లలను గుర్తించి వారికి వేరుగా సాయం చేయాలని అక్కడి ప్రభుత్వం తలపెట్టింది. ఆ పని మీద ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమాన్ 30 చిన్న పరీక్షలతో ఒక కొలబద్ద తయారుచేశారు. దీన్ని నాడి పరీక్ష అందాం. వైద్యుడు నాడి చూసేది రోగిని తిట్టడానికి కాదు, ఎక్కడ నలతగా ఉందో తెలుసుకోవడానికి. ఆ అంకెను పిల్లవాడి నుదుటి రాతగా భావించవద్దని బినే స్వయంగా హెచ్చరించాడు. తర్వాతివారు అంతగా పట్టించుకోలేదు, అది వేరే కథ.

ఈ కొలబద్దను 1930ల్లో ధార్వాడలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు సరిపోయేలా మలిచాడు. ఆ పనిలో తెలిసేదేమిటంటే, ప్రశ్నను ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మార్చినంత మాత్రాన సరిపోదు. ఆ ప్రశ్నను ఆ భాష పిల్లల మీద ప్రయోగించి చూడాలి. ఒక భాషలో ఆరేళ్లవాడికి తేలికైనది ఇంకో భాషలో ఎనిమిదేళ్లవాడికీ కష్టం కావచ్చు. ఈ మాటను గుర్తుంచుకోండి, లింబాయత్‌కు వచ్చినప్పుడు దీని అవసరం పడుతుంది.

మన కాలపు తనిఖీలు

2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ అదే తరగతిలో ఆపకూడదని, బోర్డు పరీక్ష పెట్టకూడదని అది శాసించింది. గడప తీసేశారన్నమాట. అయితే తనిఖీ మాత్రం ఆగలేదు, నిజానికి పెరిగింది.

దేశం మొత్తానికి జాతీయ సాధన సర్వే ఉంది. 2017 నవంబరు 13న, మళ్లీ 2021 నవంబరు 12న దాన్ని పెద్ద ఎత్తున జరిపారు. 2021లో 22 భాషల్లో, సుమారు 34 లక్షల మంది పిల్లలు రాశారు. 2024 డిసెంబరు 4న అది 'పరఖ్' రాష్ట్రీయ సర్వేక్షణ్ అనే పేరుతో మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిగింది. అందులో ఆరో తరగతి పిల్లల్లో పది వరకు కూడిక, గుణకార ఎక్కాలు తెలిసినవారు 53 శాతమేనని తేలింది. పత్రికలో ఈ వార్త చదివి మీ అబ్బాయిని ఎగాదిగా చూడకండి. వ్యాపారి టాకా మొత్తం విప్పి చూడడు. అక్కడక్కడ చూసి సరుకు ఎలా ఉందో చెబుతాడు. సర్వే కూడా అంతే. ఎంచుకున్న బడిలో ఒక తరగతి నుంచి మహా అయితే ముప్పై మందితో రాయిస్తారు. దాన్ని బట్టి జిల్లా సంగతి చెప్పవచ్చు, రాష్ట్రం సంగతి చెప్పవచ్చు. ఫలానా పోగు గట్టిదా కాదా అన్నది చెప్పలేం.

గుజరాత్‌లో 2009లో 'గుణోత్సవ్' మొదలైంది. ముఖ్యమంత్రి, మంత్రులు, పెద్ద అధికారులు మూడు రోజుల పాటు ప్రాథమిక బడులకు వెళ్లి పిల్లల చేత చదివించి, రాయించి, లెక్కలు చేయించారు. వాంచన్, లేఖన్, గణన్ అన్న మూడు మాటలు ఇంటింటికీ తెలిశాయి. బడులకు ఏ ప్లస్ నుంచి డి దాకా గ్రేడులు వచ్చాయి. 2019 తర్వాత వచ్చిన రెండో గుణోత్సవ్‌లో గ్రేడులకు రంగులు తోడయ్యాయి. బాగున్న బడికి ఆకుపచ్చ, ఆ కింద పసుపు, ఎరుపు, అన్నింటికంటే కింద నలుపు. ఇవి బడి రంగులు. నల్ల బడిలో చదివే పిల్ల నల్లపూస కాదు, ఆకుపచ్చ బడిలో చదివే పిల్ల పచ్చగా ఉందన్న హామీ లేదు.

2018 నుంచి కొన్నేళ్లు 'ఏకమ్ కసోటీ' అనే పాఠపు పరీక్షలు కూడా తరచుగా జరిగాయి, మార్కులు కంప్యూటర్లకు ఎక్కాయి. ఉద్దేశం నాడి చూడడమే. పాఠం పాఠానికీ ఎక్కడ తప్పుతున్నారో వెంటనే తెలియాలి. మంచిదే. కానీ పిల్ల తప్పు చేసిన పాఠాన్ని మళ్లీ చెప్పడానికి పంతులుకు సమయం దొరికినప్పుడే అది నాడి పరీక్ష. దొరకకపోతే అది కంప్యూటరులో ఒక గడి నింపడం మాత్రమే.

ఈ తనిఖీలకు బహుమానం, దండన జోడిస్తే ఏమవుతుంది? అమెరికాలో 2002 నాటి చట్టం మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా భాష, లెక్కల పరీక్షలు తప్పనిసరి చేసింది. మార్కులు పెరగని బడుల మీద చర్యలు పెట్టింది. 2011లో అట్లాంటా నగరంలో రాష్ట్ర ప్రభుత్వ విచారణ 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయుల పేర్లు బయటపెట్టింది. పిల్లల తప్పు జవాబులను దిద్ది ఒప్పు చేశారన్నది ఆరోపణ. అలా దిద్దిన మార్కు ఇంటికి వచ్చినప్పుడు ఆ తల్లిదండ్రులు ఎంత సంతోషించి ఉంటారో! సాయం అందవలసిన పిల్లలకు సాయం అందకుండా పోయింది. అట్లాంటాలో తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు, ఈ పాఠం వారికి తెలిసినదే. 2015లో అమెరికా ఆ చట్టాన్ని మార్చుకుంది, పరీక్షలను మాత్రం ఉంచుకుంది.

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం ఒకటి ఉంది, దాచడం ధర్మం కాదు. అది మన తెలుగు నేల మీదిదే. 2005 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. పరీక్షలను అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ నిర్వహించింది. పిల్లల సగటు మార్కు ఐదు శాతం కంటే ఎక్కువ పెరిగితే, ఆ పైన పెరిగిన ఒక్కో శాతానికి పంతులుకు 500 రూపాయలు బహుమానం. రెండేళ్ల తర్వాత బహుమానం ఉన్న బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతావారి కంటే ముందున్నారు. బట్టీ కొట్టి రాసే ప్రశ్నల్లోనే కాదు, ఆలోచించి రాయవలసిన వాటిలో కూడా. బహుమానం లేని సైన్సు, సాంఘికశాస్త్రంలో సైతం.

మరి 1862 నాటి పద్ధతి చెడగొట్టిన చోట ఇది ఎలా పనిచేసింది? నాకు తోచినంతవరకు తేడా ఇది. అక్కడ పిల్ల ఎక్కడ ఉందన్నది చూశారు, ఇక్కడ ఎంత దూరం నడిచిందన్నది చూశారు. వెనకబడిన పిల్ల కూడా నాలుగడుగులు వేస్తే లెక్కలోకి వస్తుంది. పైగా తప్పితే కోత లేదు, దిద్దినది ఆ బడి పంతులు కాదు. కాబట్టి పరీక్షలన్నీ పాపిష్టివని నేను అనడం లేదు. దేన్ని కొలుస్తున్నారు, కొలిచినవారు ఎవరు, దాని మీద ఎవరి బతుకు ఆధారపడి ఉంది అన్నవి తెలియకుండా అంకెను నమ్మవద్దంటున్నాను.

లింబాయత్ పిల్లకు మరో చిక్కు

ఇప్పుడు ఆ పదిహేడు దగ్గరికి వద్దాం.

లింబాయత్‌లో మీ అమ్మాయి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ వింటుంది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయమని రాష్ట్రాలకు చెబుతుంది. 1956లో చేర్చిన అధికరణం అది. ఇటు గుజరాత్ శాసనసభ 2023లో చేసిన చట్టం, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు అన్ని బడుల్లో గుజరాతీ బోధనను తప్పనిసరి చేసింది. రెండూ పిల్ల మేలు కోరినవే. ఉండే ఊరి భాష రాకుండా ఎలా? కానీ పరీక్ష కాగితం మీద ఈ రెండు భాషలూ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడవచ్చు.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. తెలుగులో 47 అంటే నలభై ఏడు. పదులు ముందు, ఒకట్లు తర్వాత. రాసే వరుసా పలికే వరుసా ఒకటే. గుజరాతీలో దాన్ని 'సుడ్తాలీస్' అంటారు. ఏడు ముందు వినిపిస్తుంది, నలభై తర్వాత. పైగా నూరు వరకు ప్రతి సంఖ్యకూ దాదాపు ఒక విడి పేరు, అన్నీ కంఠస్థం కావాలి. గుజరాతీ లిపిలో అంకెల రూపాలు కూడా మన పిల్ల నేర్చిన వాటి వంటివి కావు. 'సుడ్తాలీస్' అని చెబితే 74 అని రాసిన పిల్లకు లెక్క రాదా, పేరు తెలియదా? మార్కు మాత్రం రెంటికీ సున్నాయే.

అందుకే కాగితం తీసుకొని మీ అమ్మాయి పక్కన కూర్చోండి. ప్రశ్న ఏ భాషలో ఉందో ముందు చూడండి. తప్పు పోయిన లెక్కల్లో ఊరికే కూడమన్నవి ఎన్ని, నాలుగు వాక్యాలు చదివి చేయవలసినవి ఎన్ని అని విడదీయండి. తర్వాత ఆ నాలుగు వాక్యాలను మీ మాటల్లో, మన తెలుగులో చెప్పండి. పుస్తకాల తెలుగు అక్కరలేదు, మీరు మాట్లాడే తెలుగు చాలు. మీకు చదవడం రాకపోతే పెద్ద పిల్లల చేత చదివించండి. నోటితో సరిగా చెప్పిందా? అయితే లెక్క వచ్చు, ప్రశ్న చదవడం రాలేదు. చెప్పలేదా? అయితే పాఠమే అందలేదు. ఈ రెండు జబ్బులకూ మందు ఒకటి కాదు. మొదటి జబ్బుకు బడి మార్చారనుకోండి. ఒక తెలియని భాష స్థానంలో మరో తెలియని భాష వస్తుంది, అంతే.

బడి మార్పు గురించి ఇంకొక్క మాట. పైన చెప్పిన మురళీధరన్, సుందరరామన్ ఇద్దరే ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో మరో ప్రయోగం చేశారు. లాటరీలో పేరు వచ్చిన పిల్లలకు ఫీజు కట్టి ప్రైవేటు బడుల్లో చేర్పించారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో వారికీ ప్రభుత్వ బడి పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం వారు బాగా ముందున్నారు. హిందీ పరీక్ష పెట్టి ఉండకపోతే ఆ బడులు ఏమీ సాధించలేదని రాసేవారు. తెలుగు, లెక్కలు పెట్టి ఉండకపోతే అద్భుతమని రాసేవారు. పరీక్షలో ఏ కాగితం ఉందన్నది అంత పని చేస్తుంది.

ఇక బడిలో ఏం అడగాలి? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, పురపాలక బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. దాని పొట్టి పేరు కూడా ఎస్.ఎం.సి.యే. సూరత్‌లో ఎస్.ఎం.సి. అంటే అందరూ నగరపాలక సంస్థ అనుకుంటారు, అందుకే కాబోలు ఈ కమిటీ చాలామంది చెవిన పడదు. అక్కడ కూర్చొని అడగండి. ఈ పరీక్ష బడి గ్రేడు కోసమా, పైతరగతి కోసమా, పాఠం అందిందో లేదో చూడడానికా? పోయినసారి ఇదే పిల్లకు ఎంత వచ్చింది? దిద్దిన కాగితం చూపిస్తారా? మార్కు ఒక్కటే చెప్పి కాగితం చూపించకపోతే అది మీకు పనికొచ్చే పరీక్ష కాదు.

చివరి సంగతి ఐదో తరగతి వారికి. 2019లో పార్లమెంటు విద్యాహక్కు చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టడానికి, తప్పినవారిని ఆపడానికి రాష్ట్రాలకు వీలు కల్పించింది. గుజరాత్ ఆ దారి ఎంచుకున్న రాష్ట్రాల్లో ఒకటి. తీసేసిన గడప మళ్లీ వచ్చిందన్నమాట. అయితే అదే సవరణలో మరో రెండు మాటలున్నాయి. తప్పిన పిల్లకు అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలు వచ్చిన రెండు నెలల లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు. కండెల దగ్గర కూర్చోబెట్టే ముందు, ఊరికి టికెట్ తీసే ముందు, బడికి వెళ్లి ఆ అదనపు పాఠాలు ఏ రోజు మొదలవుతాయో, ఏ భాషలో చెబుతారో కనుక్కోండి.